మగపిల్లవాడికి ఒకే పలుకులో ముగిసే పేరు: దేవ్, నీల్, యశ్, ధ్రువ్‌ల పుట్టుక గురించి తెలియజేయగలరు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ నుంచి ఒక తల్లి

పెద్దలకు నమస్కారం. తొమ్మిది రోజుల క్రితం బెంగళూరులో మాకు బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల చేయాలని నిర్ణయించాము కాబట్టి పేరు స్థిరపరచుకోవడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. నా పేరులో ఐదు అక్షరాలున్నాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దానిని ఒక్కొక్కరు ఒక్కొక్క చోట తుంచి పిలుస్తున్నారు. మా వారి కాగితాలలో ఇంటిపేరు ఒక దానిలో ముందు, మరొక దానిలో వెనుక, ఇంకొక దానిలో పొడి అక్షరంగా ఉంది. ఈ ఇబ్బంది బాబుకు రాకూడదని, ఎవరూ తుంచలేనంత చిన్న పేరు, ఒకే పలుకులో ముగిసే పేరు పెట్టాలని ఇద్దరం అనుకున్నాము. దేవ్, నీల్, యశ్, ధ్రువ్, జై, కుశ్ అనే ఆరు పేర్లు ఎంచుకున్నాము. నక్షత్రాన్ని బట్టి వచ్చే అక్షరంతో పురోహితులు వేరుగా నక్షత్ర నామం పెడతామన్నారు గనుక ఆ నియమం ఈ పేరుకు లేదు.

అయితే మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు ఈ పేర్లన్నీ విని, "పిలుద్దామని నోరు తెరిచేలోపే పేరు అయిపోతోందమ్మా" అన్నారు. ఆవిడ కోపంతో అన్న మాట కాదు, నిజంగానే ఆవిడకు ఆ పేర్లు నోటికి అందడం లేదు. ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటి అసలు రూపాలు ఏమిటి, మన తెలుగులో ఒక్క పలుకు పేర్లు ఇంత అరుదుగా ఎందుకున్నాయి అన్నది తెలిసిన వారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం: మల్లేశ్వరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

అమ్మా, మీ బాబుకు ఆశీస్సులు. మీ అత్తగారు అన్న మాటలో వ్యాకరణం ఉంది. దానిని వివరించడానికి ముందు మీ జాబితాలోని పేర్ల సంగతి చూద్దాము.

మీరు రాసిన ఆరింటిలో జై తప్ప మిగిలిన ఐదూ పొల్లుతో ముగుస్తున్నాయి. సంస్కృతంలో అవి దేవ, నీల, ధ్రువ, కుశ, యశస్ అనే రెండేసి అక్షరాల శబ్దాలు. హిందీలో మాట చివర ఉన్న అకారాన్ని రాస్తారు గాని పలకరు. అందువల్ల వారు దేవ అని రాసి దేవ్ అని చదువుతారు, వారి రాతలో చివరి అక్షరానికి పొల్లు కనిపించదు. మనము ఆ ఉచ్చారణను చెవితో విని, మన లిపిలో ఎలా వినిపిస్తే అలా రాసే అలవాటు వల్ల దానికి పొల్లు చేర్చాము. అంటే ఒక్క పలుకు పేరుగా మీకు కనిపిస్తున్నది నిజానికి రెండు పలుకుల పేరు, చివరి అచ్చు మరో భాష నోటిలో రాలిపోయిన తరువాత మన దగ్గరకు వచ్చిన రూపం. ఛందస్సు నేర్చిన వారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది: దేవ్ అంటే ఒక్క గురువు, దేవ అంటే గురువు, లఘువు, ధ్రువ్ ఒక్క గురువు, ధ్రువ రెండు లఘువులు.

ఇక తెలుగు సంగతి. తెలుగు అజంత భాష, అంటే మన మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన పురుష నామాలకు మనము డు చేర్చి రాముడు, ధ్రువుడు, కుశుడు, నీలుడు అంటాము. యశస్, తేజస్ వంటి వాటికి సు చేర్చి యశస్సు, తేజస్సు అంటాము. వీటికంటే ముఖ్యమైనది పిలుపు. దూరంగా ఉన్న పిల్లవాడిని పిలిచేటప్పుడు తెలుగువారు పేరులోని చివరి అచ్చును సాగదీస్తారు: రామా, రాజూ, గోపీ, కృష్ణా. దేవ్ అన్న పేరులో సాగదీయడానికి చివర అచ్చే లేదు. మీ అత్తగారు వెతుకుతున్నది ఆ అచ్చునే. ఆవిడ రెండు రోజులలో దానిని తానే చేర్చుకుంటారు. దేవూ అనో దేవా అనో అంటారు, మీరు గమనించండి.

పుట్టుక విషయానికి వస్తే, దేవ శబ్దం ప్రకాశించడం అనే అర్థమున్న దివ్ ధాతువు నుంచి వచ్చింది; వెలుగొందేవాడు అని దాని భావం. అదే శబ్దం ప్రాచీన ఇరానీ భాషలలో దుష్టశక్తి అనే అర్థానికి మారిపోయింది. రెండు సోదర జాతుల మతాలు విడిపోయినప్పుడు ఒకే మాట ఒకరికి దేవుడై, మరొకరికి భూతమై నిలవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం. యశస్ అంటే కీర్తి. అది సంస్కృతంలో నపుంసక లింగ శబ్దం, దాని చివరి సకారాన్ని కూడా తీసివేస్తేనే యశ్ మిగులుతుంది. మీ ఆరింటిలో ఎక్కువగా కోత పడిన పేరు అదే.

నీల అంటే నలుపు కలిసిన నీలవర్ణం. రామాయణంలో నీలుడు అగ్నిదేవుని కుమారుడు, వానర సేనాపతి. సేతువు కట్టిన నలుడు వేరు, ఆయన విశ్వకర్మ కుమారుడు. ఈ ఇద్దరినీ ఒకరుగా భావించేవారు చాలామంది ఉన్నారు. నీల్ అనే ధ్వనితోనే ఐర్లండ్‌లో మరొక పేరు ఉంది, అది గేలిక్ భాషలోని నియల్ నుంచి వచ్చింది. 1969లో చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు ఆ వంశానిది. ధ్వని ఒకటైనా మన నీలుడికీ ఆ పేరుకూ పుట్టుకలో చుట్టరికం లేదు.

కుశ కథ అన్నిటికంటే అందమైనది. సీతకు కవలలు పుట్టినప్పుడు వాల్మీకి మహర్షి రక్ష కోసం ఒక దర్భల పిడికిలి ఇచ్చాడని, ముందు పుట్టినవాడిని మంత్రించిన దర్భల పైభాగంతో, తరువాతి వాడిని కింది భాగంతో వృద్ధ స్త్రీలు తుడిచారని, ఆ పైభాగమైన కుశ వల్ల కుశుడు, కింది భాగమైన లవ వల్ల లవుడు అన్న పేర్లు వచ్చాయని ఉత్తరకాండ చెబుతుంది. పురిటి గదిలో, బిడ్డను తుడిచిన గడ్డిపోచ నుంచి పుట్టిన పేర్లు అవి.

ధ్రువ అంటే కదలనిది, స్థిరమైనది. ఉత్తానపాదుడికి సునీతి వల్ల పుట్టిన ధ్రువుడు, సవతి తల్లి సురుచి తండ్రి ఒడి ఎక్కనివ్వకపోతే అడవికి వెళ్లి తపస్సు చేసి ధ్రువ మండలాన్ని పొందిన కథ మన పిల్లలందరికీ ఒకప్పుడు పాఠంగా ఉండేది.

జై అన్నది జయ శబ్దానికి కుదించిన రూపం. తెలుగులో జయ అంటే ఆడపిల్ల పేరుగా వినిపిస్తుంది కాబట్టి మగపిల్లలకు జై అన్న రూపం నిలిచింది. అచ్చుతో ముగుస్తుంది కనుక మన నోటికి ఇబ్బంది లేదు. నిజంగా ఒకే అక్షరంలో ఉండి, తెలుగువారి పిలుపులో ఒదిగిపోయిన మరొక పేరు శ్రీ. శ్రీరంగం శ్రీనివాసరావు గారు తన ఇంటిపేరు, పేరులలోని మొదటి అక్షరాలతో శ్రీశ్రీ అయినప్పుడు తెలుగు పాఠకులకు ఆ పేరు కొత్తగా తోచలేదు. అయితే దరఖాస్తులో శ్రీ అని రాస్తే దానిని గౌరవ వాచకంగా భావించి తీసివేసే ప్రమాదం ఉంది, అది మాత్రం ఆలోచించండి.

చివరగా శాస్త్రం అడిగే వారి కోసం ఒక మాట. తెలుగు నాట ఎక్కువ మంది వైదికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం మగపిల్లవాడి పేరు ద్వ్యక్షరం చతురక్షరం వా, అంటే రెండు గాని నాలుగు గాని అక్షరాలతో ఉండాలంటుంది. ఆడపిల్లకు బేసి సంఖ్య చెబుతుంది. దేవ, ధ్రువ ఆ లెక్కకు సరిపోతాయి, దేవ్, ధ్రువ్ సరిపోవు.

సమాధానం: కోలారు నుంచి వచ్చి కృష్ణరాజపురంలో స్థిరపడిన వారు

మాస్టారు గారు చెప్పినది మా ఇంట్లో పద్నాలుగేళ్లుగా జరుగుతోంది. మా అబ్బాయికి యశ్ అని పేరు పెట్టాము. మా ఇంట్లో యశూ అంటారు, పక్కింటి కన్నడ వారు కూడా యశు అంటారు, బడిలో ఉత్తరాది పిల్లలు మాత్రమే యశ్ అంటారు. కన్నడం కూడా తెలుగు లాగే చివర అచ్చు కోరుకునే భాష. బస్ అన్న ఇంగ్లిషు మాట మనకూ వారికీ బస్సు అయింది, కార్ అన్నది కారు అయింది; మరి పిల్లవాడి పేరును మాత్రం ఆ నోళ్లు ఎందుకు వదులుతాయి? ఈ ఊళ్లో చెన్నై నుంచి వచ్చిన స్నేహితులూ ఉన్నారు. తమిళంలో వేల్ అని కుమారస్వామి ఆయుధం పేరుతో ఒక్క పలుకు పేరు ఉంది, వారి భాష ల్ అనే ముగింపును సుఖంగా మోస్తుంది. అయినా వారు కూడా ముద్దుగా వేలు అంటారు. పేరు చిన్నదయ్యే కొద్దీ దానికి తోకలు ఎక్కువ వస్తాయని నా అనుభవం. మీరు తుంచలేని పేరు కోరుకుంటున్నారు. చిన్న పేరును తుంచరు గాని పెంచుతారు. దానికి సిద్ధపడి పెట్టుకోండి.

సమాధానం: ఫ్రేజర్ టౌన్ నుంచి ఒక సోదరి

మా కుటుంబం నెల్లూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఈ చర్చ చదివినప్పుడు నాకు తెలుగు బైబిలు గుర్తుకు వచ్చింది. ఇంగ్లిషులో ఒక్క పలుకులో ముగిసే పాల్, మార్క్, లూక్, జాన్ అన్న పేర్లు మన బైబిలులో పౌలు, మార్కు, లూకా, యోహాను అయ్యాయి. పాత నిబంధనలో నోవహు కుమారులు షేము, హాము. యాకోబు కుమారులలో దాను, గాదు. అనువాదకులు ఈ పేర్లలో ఒక్కదానిని కూడా పొల్లుతో వదలలేదు, ప్రతి దానికీ అచ్చు ఇచ్చారు. వందేళ్లకు పైగా ప్రార్థనలో ఆ పేర్లు పరాయివిగా వినిపించకపోవడానికి అదే కారణమని ఇప్పుడు అర్థమవుతోంది.

పుట్టుకలు అడిగారు కనుక చెబుతున్నాను. పౌలు లాటిన్ మాట, చిన్నవాడు అని అర్థం. ఆయన హెబ్రీ పేరు సౌలు. మార్కు రోమన్ల పేరు, వారి యుద్ధ దేవత మార్స్ పేరుతో దానికి సంబంధం ఉంది. యోహాను హెబ్రీ భాషలో యెహోవా కనికరించాడు అన్న పూర్తి వాక్యం. అంత పెద్ద భావం ఇంగ్లిషుకు చేరేసరికి జాన్ అన్న ఒక్క పలుకుగా మిగిలింది. దాను అంటే తీర్పు తీర్చాడు అని. ఆ పేరు ఎందుకు పెట్టారో ఆదికాండము 30వ అధ్యాయంలో రాహేలు మాటలలోనే ఉంది. మా తమ్ముడి పేరు కాగితాలలో మార్క్. మా అమ్మ వాడిని ఒక్కనాడు కూడా అలా పిలవలేదు, మార్కూ అనే పిలుస్తుంది, వాడు ఆ పిలుపుకే పలుకుతాడు.

సమాధానం: బెళ్లందూరు నుంచి ఒక తండ్రి

పెద్దల మాటకు అడ్డు చెబుతున్నందుకు మన్నించాలి. పొల్లుతో ముగిసే పేరు తెలుగు కాదన్న ధోరణి నాకు సమ్మతం కాదు. రమేశ్, సురేశ్, ప్రసాద్, కిరణ్, అనిల్ అన్న పేర్లు మా నాన్నగారి తరం నుంచే ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో సైతం ఉన్నాయి. వారందరూ తెలుగువారు కాకుండా పోలేదు. పైగా బెంగళూరులో పెరిగే పిల్లవాడి పేరు ఇంట్లో ఒకరో ఇద్దరో పిలిచేది మాత్రమే కాదు. బడిలో హిందీ, కన్నడ, తమిళ, మలయాళ పిల్లలు, తరువాత ఎక్కడెక్కడి వారో పలకవలసినది. దేవ్ అంటే అందరికీ ఒకేలా వినిపిస్తుంది. ఒక్క పలుకు పేర్లు హిందువుల సొత్తు మాత్రమే కూడా కాదు. మా అబ్బాయి తరగతిలో సైఫ్, జైద్ ఉన్నారు. సైఫ్ అంటే అరబీలో ఖడ్గం, జైద్ అంటే వృద్ధి. ఆ పిల్లల పేర్లను ఎవరూ తప్పు పలకరు.

నాది ఒకటే హెచ్చరిక. చిన్న పేరు పెట్టేవారు ఇంటిపేరును కూడా పూర్తిగా నమోదు చేయించండి, పొడి అక్షరంతో సరిపెట్టవద్దు. పాస్‌పోర్టులో ఒకే మాట ఉన్న పేరుతో వచ్చే సందర్శకులను 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆపడం మొదలుపెట్టినప్పుడు, ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలిన దక్షిణాది వారు చాలామంది కంగారు పడ్డారు. ఇంకొకటి, కుశ్‌కు జతగా లవ్ పెట్టాలని ఎవరైనా అనుకుంటే, ఇంగ్లిషులో ఆ పేరు ఎలా చదువుతారో ముందే ఆలోచించుకోవాలి. బడిలో పిల్లవాడు పడే బాధ పెద్దలకు తెలియదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. కుశుడి కథ మా అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడకు చాలా నచ్చింది. బెళ్లందూరు సోదరులు చెప్పినది కూడా నిజమే, మేము ఈ పేర్లు ఎంచుకున్నది ఆ కారణంతోనే. ఇప్పుడు దేవ, ధ్రువ అన్న రెండింటి మధ్య ఆగాము. పొల్లు లేకుండా చివరి అకారంతోనే రాయించాలని అనుకుంటున్నాము. రెండింటిలో ఏది మేలో మాస్టారు గారు చెప్పగలరా?

సమాధానం: మల్లేశ్వరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

బెళ్లందూరు మిత్రుల అభ్యంతరం న్యాయమైనది. రమేశ్, ప్రసాద్ తెలుగు పేర్లే, అందులో నాకు సందేహం లేదు. కాని వాటిలో పొల్లుకు ముందు రెండు పలుకులున్నాయి, నోటికి నిలవడానికి చోటుంది. ఒక్క పలుకు పేరులో ఆ చోటు లేదు, అందుకే అచ్చు లోపం అక్కడ ఎక్కువగా తెలుస్తుంది. నా వాదన అంతవరకే.

అమ్మా, ఏ పేరునైనా పెట్టబోయే ముందు దానికి విభక్తులు చేర్చి చూడాలి, ఎందుకంటే ఇంట్లో పేరును ఒంటరిగా వాడేది తక్కువ. దేవ అన్న పేరుకు కి చేర్చండి. "దేవకి అన్నం పెట్టావా" అని మీ అత్తగారు అడిగితే వినేవారికి కృష్ణుడి కన్నతల్లి పేరు వినిపిస్తుంది. దేవ్ అని పొల్లుతో ఉంచినా చిక్కు తీరదు. కంప్యూటరులో రాసేటప్పుడు ఆ వ్ వెనుక వచ్చే కి తో అతుక్కుపోయి చదవడానికి వీలులేని సంయుక్తాక్షరం అవుతుంది, ప్రతిసారీ వాటిని విడదీసి రాయాలి. ధ్రువకి, ధ్రువతో, ధ్రువను, ధ్రువా అని పలికి చూడండి, ఎక్కడా తడబాటు లేదు.

ధ్రువతో వచ్చే కష్టం మరొకటి ఉంది, అది రాతలో. చాలామంది దీనిని ఋకారంతో ధృవ అని, ఇంకొందరు వత్తు కూడా లేకుండా దృవ అని రాస్తారు. రెండూ తప్పు. ధకారానికి రేఫ, ఉకారం చేరిన ధ్రు సరైనది. బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద బంగారు ఉంగరంతో మీ వారు రాసే మొదటి రాత అది. ముందే ఒక కాగితం మీద రాసి చూపించండి.

సమాధానం: జయనగర్ నుంచి ఒక న్యాయవాది

నమోదు గురించి క్లుప్తంగా రాస్తున్నాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద జననాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగిన కాన్పుకు ఆ బాధ్యత ఆసుపత్రిదే. పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదు చేయించుకోవచ్చు. నమోదైన 12 నెలలలోగా రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించవచ్చు. కాబట్టి బారసాల తేదీ చూసి తొందరపడి ఏదో ఒకటి రాయించవద్దు. ఒకసారి చేర్చిన పేరును మార్చడం చాలా శ్రమ. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన వారికి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి, స్థలానికి ఈ పత్రమే ఆధారం. కర్ణాటకలో ఇది కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ వస్తుంది, రెండు చోట్లా చివరి అకారం ఉన్నదో లేదో సరిచూసుకోండి. ఇంగ్లిషులో చివర ఎ అక్షరం వదిలితే అది మళ్లీ ధ్రువ్ అవుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి

నిన్న సాయంత్రం అత్తగారిని వంటింట్లో ఉండి ఒక్కొక్క పేరుతో బాబును పిలవమని అడిగాము. జై అన్నప్పుడు హారతి ఇస్తున్నట్టుందన్నారు. దేవ్ అన్నది మాస్టారు గారు చెప్పినట్టే దేవూ అయింది. ధ్రువా అని మాత్రం ఆవిడ ఎవరూ చెప్పకుండానే దీర్ఘం తీసి పిలిచారు, రెండోసారి కూడా అలాగే పిలిచారు. ధ్రువ అనే నిర్ణయించుకున్నాము. ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు కాక చివర రాయించాలనుకుంటున్నాము.

ఈ రోజు ఆసుపత్రి వారు ఇచ్చిన కాగితంలో పేరు గడి నింపి, కన్నడ అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో పక్కింటి వారికి చూపించాము. వకారానికి పొల్లు పెట్టి ఉంది, దానిని దిద్దారు. మా వారు తెలుగులో సాధన చేస్తూ మొదట ఋకారంతోనే రాశారు. అత్తగారు మా వారి పాత జనన ధ్రువపత్రం తెచ్చి, అందులో పై వరుసలో ఉన్న ధ్రువ మీద వేలు పెట్టి చూపించారు.